ఆవిరి యంత్రం వచ్చాక కూడా తెరచాప ఓడలు అన్నేళ్ళు ఎలా నడిచాయి? ఇప్పుడు ఆవిరి ఓడలు పూర్తిగా పోయినట్టేనా?

నేను మర్చంట్ నేవీలో ఇంజినీర్‌ని. ఆవిరి ఓడలోనూ పనిచేశాను, డీజిల్ ఓడల్లోనూ పనిచేస్తున్నాను. మీరు అడిగిన రెండు ప్రశ్నలకీ నా జవాబు ఒకటే: ఇంధనం. అది రోజుకి ఎన్ని టన్నులు కాలుతుంది, దాన్ని దాచడానికి ఓడలో ఎంత చోటు పోతుంది అన్నదే అసలు లెక్క. పుస్తకాల్లో వేగం గురించి ఎక్కువ రాస్తారు గానీ, సరుకు ఓడ యజమాని ముందు చూసేది ఈ లెక్కే.

1807లో ఫుల్టన్ ఆవిరి పడవ న్యూయార్క్ నుంచి ఆల్బనీకి హడ్సన్ నది మీద నడిచింది. నది కాబట్టి కట్టెలు అయిపోతే ఒడ్డున దొరుకుతాయి. నడిసముద్రంలో ఎవరిస్తారు? 1819లో 'సవన్నా' అట్లాంటిక్ దాటితే మొదటి ఆవిరి ఓడ అని పేరొచ్చింది. నిజానికి దాదాపు 29 రోజుల ఆ ప్రయాణంలో దాని ఇంజిన్ తిరిగింది ఓ 80 గంటలే. మిగతా దారంతా తెరచాపల మీదే వెళ్ళింది.

కారణం బాయిలర్లో ఉంది. అప్పట్లో బాయిలర్లకి సముద్రపు నీళ్ళే వాడేవాళ్ళు. లోపల ఉప్పు పేరుకుపోతుంది కాబట్టి ఒత్తిడి పెంచడానికి లేదు. ఒత్తిడి తక్కువైతే అదే పనికి బొగ్గు చాలా ఎక్కువ పడుతుంది. దూరం పెరిగేకొద్దీ సరుకు పెట్టాల్సిన చోటంతా బొగ్గే ఆక్రమిస్తుంది. అందుకని టపా, ప్రయాణికులు లాంటి ఖరీదైన పని ఆవిరి ఓడలకి వెళ్ళింది. ధాన్యం, కలప, ఉన్ని తెరచాపల దగ్గరే ఉండిపోయాయి. దూరపు రేవుల్లో ఆవిరి ఓడల కోసం నిల్వ ఉంచే బొగ్గుని కూడా చాలావరకు తెరచాప ఓడలే మోసుకెళ్ళేవి! మన దగ్గర కోరంగి, తాళ్ళరేవుల్లో కట్టిన చెక్క ఓడలు కూడా స్టీమర్లు వచ్చాక బంగాళాఖాతంలో సరుకు మోస్తూనే ఉన్నాయి. గాలికి డబ్బు కట్టక్కర్లేదు కదా.

ఈ లెక్కని మార్చింది ఆల్ఫ్రెడ్ హోల్ట్ అనే లివర్‌పూల్ ఇంజినీర్. ఆయన 'అగమెమ్నాన్' ఓడ 1866లో చైనాకి బయల్దేరింది. ఒక సిలిండర్లో పనిచేసి బయటికొచ్చిన ఆవిరిని వదిలేయకుండా, ఇంకో పెద్ద సిలిండర్లో మళ్ళీ వాడుకోవడం అందులో కీలకం. దాంతో లివర్‌పూల్ నుంచి మారిషస్ దాకా దారిలో ఎక్కడా బొగ్గు ఎక్కించుకోకుండా వెళ్ళగలిగింది. నా దృష్టిలో ఓడల చరిత్రలో అసలు మలుపు ఇదే. మూడేళ్ళకి, 1869 నవంబర్లో, సూయజ్ కాలువ తెరుచుకుంది. ఎర్ర సముద్రం గాలులు తెరచాపలకి అనుకూలం కాదు, కాలువలో ఆ ఓడల్ని లాక్కెళ్ళాలి. అదే నవంబర్లో నీళ్ళలోకి దిగిన 'కట్టీ సార్క్' అనే తెరచాప ఓడ కొన్నేళ్ళు టీ మోసినా, చివరికి ఆస్ట్రేలియా ఉన్నికి మారాల్సి వచ్చింది. అయినా తెరచాప వెంటనే చావలేదు. 1949లో కూడా 'పామిర్' అనే తెరచాప ఓడ ఆస్ట్రేలియా నుంచి ధాన్యంతో, దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ చుట్టి వచ్చింది.

ఆవిరిని దించేసింది డీజిల్. 1912లో డెన్మార్క్‌లో కట్టిన 'సెలాండియా' కోపెన్‌హాగన్ నుంచి బ్యాంకాక్ వెళ్ళొచ్చింది. ఓడని నడపడానికి బాయిలర్ లేదు, పొగగొట్టం లేదు. రానూపోనూ సరిపడే ఆయిల్ ఓడ అడుగున రెండు పొరల మధ్య ఉండే ఖాళీలో (డబుల్ బాటమ్‌లో) పట్టింది. అదే ఏడు మునిగిన టైటానిక్‌లో రోజుకి 600 టన్నుల బొగ్గు మనుషులు పారలతో వేసేవాళ్ళు. ఆ వేడిలో వాళ్ళ పని ఎలా ఉండేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

మరి నేను ఆవిరి ఓడలో ఎలా పనిచేశానంటే, అది ఎల్‌ఎన్‌జీ ఓడ, అంటే ద్రవంగా మార్చిన సహజవాయువుని మోసేది. మైనస్ 162 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉండే గ్యాస్ రోజూ కొంచెం ఆవిరైపోతూ ఉంటుంది. దాన్ని గాల్లోకి వదలకుండా బాయిలర్లో కాల్చి టర్బైన్ తిప్పేవాళ్ళు. గ్యాస్‌ని కాల్చగలిగే పెద్ద మెరైన్ ఇంజిన్లు స్థిరపడేదాకా ఇదే పద్ధతి. అందుకే మిగతా సరుకు ఓడలన్నీ డీజిల్‌కి మారినా ఇవి 2000 తర్వాత కూడా ఆవిరితోనే వచ్చాయి. ఇంజిన్ రూమ్‌లో దడదడ ఉండదు, సన్నగా ఒక ఈల శబ్దం. మాకు అసలు టెన్షన్ లీకుల గురించి. 60 బార్ల ఒత్తిడిలో (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత), 500 డిగ్రీలు దాటిన ఆవిరి కారితే కంటికి కనిపించదు. మనకి కనిపించే తెల్లటి పొగ చల్లబడ్డాక వచ్చేది. ఆవిరి కారుతున్న శబ్దం వినిపిస్తే అడుగు ముందుకి వేయకూడదు. పొడవాటి కర్రకి గుడ్డ కట్టి ముందు చాపుతూ వెతకమని మా సెకండ్ ఇంజినీర్ నేర్పించారు.

డీజిల్ ఓడ వేరే లోకం. మెయిన్ ఇంజిన్ మూడు నాలుగంతస్తుల ఎత్తు. ఇందులో కాల్చే చిక్కటి నూనె, హెవీ ఫ్యూయల్ ఆయిల్, మామూలుగా తారులా ఉంటుంది. ప్యూరిఫైర్లో శుభ్రం చేసి, 130 డిగ్రీల దాకా వేడి చేస్తే గానీ, సిలిండర్లోకి ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లోంచి సరిగ్గా రాదు. చాలా ఓడల్లో గేర్‌బాక్స్ ఉండదు, ప్రొపెల్లర్ నేరుగా ఇంజిన్‌కే. వెనక్కి వెళ్ళాలంటే ఇంజిన్ ఆపి ఉల్టా తిప్పాలి. ప్రతిసారీ 30 బార్ల గాలితో స్టార్ట్ చేస్తాం. మళ్ళీ నింపకుండా కనీసం 12 స్టార్ట్‌లకి సరిపడే గాలి ఉండాలని నియమం. రేవులో ఓడకి దారి చూపించే పైలట్ వరసగా ముందుకీ వెనక్కీ ఆర్డర్లిస్తుంటే మా కళ్ళన్నీ ఆ గాలి గేజ్ మీదే.

ఇంత అవస్థ ఎందుకంటే, ఈ ఇంజిన్ ఇంధనంలోని శక్తిలో దాదాపు సగాన్ని పనిగా మారుస్తుంది. నేను చేసిన లాంటి ఆవిరి ఓడలో అది 30 శాతం చుట్టూనే. అయినా ఆవిరి ఓడలు పూర్తిగా పోలేదు, పాత ఎల్‌ఎన్‌జీ ఓడలు కొన్ని ఇంకా నడుస్తున్నాయి. కానీ ఒక్కొక్కటే విరగ్గొట్టడానికి వెళ్ళిపోతున్నాయి. అణు జలాంతర్గాముల్లో మాత్రం ఆవిరి నిక్షేపంగా ఉంది. రియాక్టర్ వేడి టర్బైన్‌ని తిప్పేది ఆవిరి ద్వారానే. మన విశాఖలో 2009లో నీళ్ళలోకి దిగిన అరిహంత్ కూడా అంతే.

ఇప్పుడు మిథనాల్ (ఒక రకం ఆల్కహాల్) కాల్చే ఓడలు వస్తున్నాయి. 2023లో అలాంటి 'లారా మెర్స్క్' నడవడం మొదలైంది. మిథనాల్‌కి ట్యాంకులు ఆయిల్ కన్నా రెండింతలకి పైగా కావాలి. అంటే 1819 నాటి చోటు సమస్య మళ్ళీ ముందుకొచ్చింది. అదే ఏడాది 'పిక్సిస్ ఓషన్' అనే సరుకు ఓడ మీద 37.5 మీటర్ల ఎత్తున్న తెరచాప రెక్కలు రెండు నిలబెట్టారు. గాలి ఒక్కటే ఈ పని చేసేస్తుందని నేననుకోను. కొంత ఇంధనం మిగిలిస్తే చాలు, యజమానులు పెట్టించుకుంటారు.