పగటిపూట రియోకాన్‌లో స్నానం, భోజనం: పాఠకుల సందేహాలు

ప్రశ్న: టోక్యోలో ఉంటున్న మా అబ్బాయి, కోడలి దగ్గరికి శీతకాలంలో వెళ్తున్నాము. వేడినీటి బుగ్గల ఊళ్లో ఉండే సంప్రదాయ జపాన్ సత్రమైన రియోకాన్‌కు ఒక రోజు తీసుకువెళ్తామని, రాత్రి బస అక్కరలేకుండా మధ్యాహ్న భోజనంతో కలిపి పగటిపూటకే ఏర్పాటు ఉంటుందని పిల్లలు చెబుతున్నారు. మేము గుడ్డు కూడా ముట్టము. మావారికి 67 ఏళ్లు, రక్తపోటుకు మందులు వాడుతున్నారు. నాకు మోకాళ్ల నొప్పులు. పైగా నలుగురిలో బట్టలు లేకుండా స్నానం చేయడానికి నాకు మనసు ఒప్పడం లేదు. ఇన్ని ఇబ్బందులతో ఈ ప్రయాణం పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా పెట్టుకోవచ్చునమ్మా. మీరు చెప్పిన ఇబ్బందులలో చాలావరకు సరైన ఏర్పాటును ఎంచుకోవడంతోనే తీరిపోతాయి. భోజనం సంగతి మాత్రం బయలుదేరడానికి ముందే గట్టిగా తేల్చుకోవాలి.

రియోకాన్‌లలో రాత్రి బస చేసినవారు సాధారణంగా ఉదయం 10, 11 గంటలకల్లా గదులు ఖాళీ చేస్తారు, కొత్తగా వచ్చేవారు మధ్యాహ్నం 3 గంటల తరువాత దిగుతారు. ఈ మధ్యనున్న వేళనే పగటి అతిథులకు కేటాయిస్తారు. అందులోనూ రకాలున్నాయి. స్నానానికి మాత్రమే రుసుము కట్టి వెళ్లిపోవడం ఒకటి, స్నానంతో పాటు భోజనశాలలో భోజనం చేయడం మరొకటి, ఈ రెండింటితో పాటు విశ్రాంతికి ఒక గది కూడా తీసుకోవడం ఇంకొకటి. ధర ఎక్కువైనా మీరు మూడోదే తీసుకోవాలని నా సలహా. ఎందుకంటే వేడినీళ్లలో నుంచి బయటికి వచ్చిన తరువాత ఒళ్లు వాల్చడానికి చోటు లేకపోతే పెద్దవాళ్లకు ఆ స్నానం హాయినివ్వకపోగా అలసటను మిగులుస్తుంది. గదితో కూడిన ఏర్పాటుకు మనిషికి సుమారు 8,000 నుంచి 15,000 యెన్‌ల దాకా, పేరుమోసిన చోట్ల అంతకు మించి కూడా అవుతుంది. శని, ఆదివారాలలో ఈ సౌకర్యం ఇవ్వని రియోకాన్‌లు ఉన్నాయి కనుక, వీలైతే పనిదినాన్ని ఎంచుకోండి.

సిగ్గు విషయంలో మీరు సంకోచపడనక్కరలేదు. చాలా రియోకాన్‌లలో ఒక కుటుంబమే లోపల గడియ పెట్టుకుని వాడుకునే స్నానపు గదిని 45 లేదా 50 నిమిషాల చొప్పున అద్దెకు ఇస్తారు. దానిని గదితో పాటే బుక్ చేయమని మీ అబ్బాయికి చెప్పండి, అక్కడికి వెళ్లాక అడిగితే దొరక్కపోవచ్చు. ఒకవేళ మనసు మారి కోడలితో కలిసి ఆడవారి వైపు పెద్ద స్నానశాలకు వెళ్లాలనిపిస్తే, అక్కడ ఎవరూ ఎవరినీ తేరిపార చూడరు. స్నానపు దుస్తులు అక్కడ వేసుకోనివ్వరు, ఒక చిన్న తువ్వాలు మాత్రం అడ్డం పెట్టుకోవచ్చు. ముందుగా గోడ వెంబడి ఉన్న చిన్న పీటల మీద కూర్చుని సబ్బుతో ఒళ్లంతా శుభ్రంగా కడుక్కుని, నురుగు పూర్తిగా పోయాకే తొట్టిలో దిగాలి. జుట్టు ముడి వేసుకోవాలి, తువ్వాలు నీళ్లలో ముంచకూడదు. గంధకం ఉన్న నీళ్లు తగిలితే వెండి నల్లబడుతుంది కాబట్టి మెట్టెలు, పట్టీలు గదిలోనే తీసి పెట్టండి.

ఇక భోజనం. ఇక్కడ నేను కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే శాకాహారులకు నిరాశ ఎదురయ్యేది ఇక్కడే. రియోకాన్ భోజనం చిన్న చిన్న పాత్రలలో వరుసగా వచ్చే వంటకాల సముదాయం. అందులో పచ్చిచేప ముక్కలను పక్కన పెట్టినంత మాత్రాన మిగిలినది శాకాహారం అయిపోదు. సోయా ముద్దతో చేసే మీసో సూప్, ఉడికించిన కూరగాయలు, టెంపురా అనే బజ్జీలు ముంచుకునే పులుసు, ఇవన్నీ సాధారణంగా ఎండబెట్టిన బొనీటో చేప తురుముతో కాచిన దాషీ అనే రసంతోనే చేస్తారు. మూత తీయగానే మృదువుగా కనిపించే చవాన్‌ముషీ అనే ఆవిరి వంటకంలో గుడ్డు, దాషీ రెండూ ఉంటాయి. అందుచేత ‘మేము శాకాహారులం’ అని చెప్పి ఊరుకోకుండా, మాంసం, చేప, రొయ్యలు, గవ్వ జాతులు, గుడ్డు, చేప దాషీ అన్నీ వద్దని, కొంబు అనే సముద్రపు నాచుతోనో షియిటాకే పుట్టగొడుగులతోనో కాచిన రసమైతే సమ్మతమేనని జపనీస్‌లో రాసి పంపించాలి. కనీసం వారం రోజుల ముందు పంపితే వంటవాళ్లకు సరుకులు సమకూర్చుకునే వ్యవధి ఉంటుంది. కొందరు మా వల్ల కాదని మర్యాదగా చెప్పేస్తారు. అది మంచిదే, వెంటనే మరొకచోట అడగండి. ఒప్పుకున్నచోట మీకు నువ్వులతో చేసే గోమా తోఫు, యుబా అనే సోయా పాల మీగడ పొరలు, ఊరగాయ ముక్కలు, అన్నం రావచ్చు. బల్ల మీదే బుల్లి కుంపటిపై చిన్న కుండ పెట్టి, దాని కింద మైనం బిళ్ల వంటి ఇంధనాన్ని వెలిగిస్తారు. ఆ నీలిమంట తనంతట తానే ఆరిపోయే వేళకు లోపల సోయా పనీర్ లాంటి తోఫు, ఆకుకూరలు, పుట్టగొడుగులు సరిగ్గా ఉడికి ఉంటాయి. అప్పటిదాకా మూత తీయకండి.

మీవారి రక్తపోటు గురించి ముందుగా వైద్యుణ్ణి అడగండి. అక్కడ నీళ్లు చాలావరకు 40 నుంచి 42 డిగ్రీల మధ్య ఉంటాయి. రక్తపోటు ఉన్నవారు 42 డిగ్రీలు, ఆపైన ఉన్న తొట్టిలో దిగకూడదు. చలికాలంలో బట్టలు మార్చుకునే గది చల్లగా, నీళ్లు వేడిగా ఉండడం వల్ల రక్తపోటు ఒక్కసారిగా పెరిగి ఆ వెంటనే పడిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ముందు పాదాల మీద, తరువాత మోకాళ్ల మీద, ఆపైన ఒంటి మీద నీళ్లు పోసుకుని, మొదటిసారి అయిదు నిమిషాలకు మించకుండా కూర్చుని, నెమ్మదిగా లేవాలి. మీ అబ్బాయి పక్కనే ఉండాలి. మద్యం తీసుకున్న తరువాత దిగకూడదు, భోజనం కాగానే కూడా దిగకూడదు. 11 గంటలకు చేరుకుంటే ముందు టీ తాగి, ఒకసారి స్నానం చేసి, 12:30కు భోజనం ముగించి, గంటసేపు విశ్రాంతి తీసుకుని, కావాలనుకుంటే వెళ్లేముందు మరొకసారి దిగడం మంచి పద్ధతి. మోకాళ్ల కోసం భోజనానికి కుర్చీలు, బల్ల కావాలని, తొట్టి మెట్ల దగ్గర పట్టుకోవడానికి కమ్మీ ఉందో లేదో చెప్పమని అదే ఉత్తరంలో రాయించండి.

ఊరి విషయానికొస్తే, టోక్యోలోని షింజుకు స్టేషన్‌లో రొమాన్స్‌కార్ అనే రైలు ఎక్కితే గంటన్నర లోపే హకోనే-యుమోతో చేరుకోవచ్చు. టోక్యో స్టేషన్ నుంచి షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలులో అతామీకి ఇంకా తక్కువ సమయం పడుతుంది. అతామీలో ఉప్పు శాతం ఎక్కువగా ఉన్న నీళ్లు దొరుకుతాయి, వాటిలో మునిగితే వెచ్చదనం చాలాసేపు ఒంటిని అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ రోజు సరస్సు, రోప్‌వే, కోట అంటూ మరేమీ కలుపుకోవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. రియోకాన్‌లో గడిపే ఆ నాలుగు గంటల కోసమే మీరు డబ్బు కడుతున్నారు.

ప్రశ్న: రియోకాన్‌లలో అన్నీ సహజమైన వేడినీళ్లేనా? మా ఎనిమిదేళ్ల బాబును నాతో ఆడవారి వైపు తీసుకువెళ్లవచ్చా? నా చేతి మీద చిన్న పచ్చబొట్టు కూడా ఉంది.
– మరొక పాఠకురాలు

జవాబు: జపాన్‌లో 1948 నాటి చట్టం ప్రకారం భూమి నుంచి వచ్చేటప్పుడు 25 డిగ్రీలు, ఆపైన ఉన్న నీటినీ, అంతకన్నా చల్లగా ఉన్నా నిర్దేశించిన 19 రకాల పదార్థాలలో ఏదో ఒకటి తగినంత ఉన్న నీటినీ ఒన్సెన్ అంటారు. కనుక కొన్నిచోట్ల నీటిని కాచక తప్పదు. నీళ్లు కలిపారా, వేడి చేశారా, వాడిన నీటినే వడపోసి మళ్లీ తిప్పుతున్నారా, క్రిమిసంహారకం వేశారా అన్నది స్నానశాలలో కనబడేలా ప్రకటించాలి. చూడడానికి చిన్న కాగితమే అయినా, నీటి నాణ్యత మీద ఆసక్తి ఉన్నవారు మొట్టమొదట చదవవలసినది అదే.

ఏడేళ్లు, ఆపై వయసున్న పిల్లలను అవతలి వైపుకు తీసుకురాకూడదన్న నియమం ఇప్పుడు చాలాచోట్ల ఉంది. మీ బాబు తండ్రితోనే వెళ్లాలి, లేదా మీరందరూ కుటుంబానికి ప్రత్యేకించిన స్నానపు గదిని తీసుకోవాలి. పచ్చబొట్టు చిన్నదైతే ఒంటి రంగు అతుకుతో కప్పుకుని రమ్మనే చోట్లు ఉన్నాయి, ఎంత చిన్నదైనా ఒప్పుకోని చోట్లూ ఉన్నాయి. ఫోటో పంపి ముందుగా అడగడమే మంచిది. బిల్లులో భోజనం ధర కాక స్నానపు పన్ను విడిగా కనిపిస్తే ఆశ్చర్యపడకండి. అది సాధారణంగా మనిషికి 150 యెన్‌లు ఉంటుంది, పగటి అతిథులకు తగ్గించే ఊళ్లు కూడా ఉన్నాయి. టిప్పు ఇవ్వనక్కరలేదు.