పాఠకుల ప్రశ్నలు: షవర్ కేబుల్ అటక మీదుగా వస్తుంటే

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో పాత ఇల్లు కొనుక్కున్నాము. బాత్‌రూమ్‌లోని 8.5 కిలోవాట్ల ఎలక్ట్రిక్ షవర్ పాడైతే, చలికాలంలో నీళ్ళు ధారాళంగా రావాలని 10.5 కిలోవాట్లది తెచ్చాము. పాత షవర్‌కు 6 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ ఉంది. అది అటక మీద, గ్లాస్‌వూల్ పరుపు కిందుగా వస్తుంది. బిగించడానికి వచ్చినతను, “షవర్ నడిచేది పది నిమిషాలే కదండీ, కేబుల్ అదే ఉంచి బ్రేకర్ పెద్దది వేస్తే చాలు” అంటున్నారు. అలా చేయవచ్చునా?

జవాబు: చేయకూడదు. బ్రేకర్ ఉన్నది ముఖ్యంగా కేబుల్‌ను కాపాడడానికి. కేబుల్‌ను అలాగే ఉంచి బ్రేకర్‌ను మాత్రమే పెంచితే, గోడలో ఆ తీగ ఎంత కాగినా ఆపేవారుండరు.

షవర్ మీద రాసిన 10.5 కిలోవాట్లు సాధారణంగా 240 వోల్టుల దగ్గర లెక్కకట్టినవి. అంటే దాదాపు 44 ఆంపియర్లు. పాతది 35 ఆంపియర్లు తీసుకునేది. పెరిగింది దాదాపు నాలుగో వంతే అనిపిస్తుంది గానీ, తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది.

ఇక అసలు సంగతి కేబుల్ నడిచే దారి. బ్రిటన్ వైరింగ్ నియమావళి బి.ఎస్. 7671 ప్రకారం మీ 6 చదరపు మిల్లీమీటర్ల ట్విన్ అండ్ ఎర్త్ కేబుల్ (రెండు కరెంటు తీగలు, ఒక ఎర్త్ తీగ ఒకే తొడుగులో ఉండేది), గోడ మీద గాలి తగిలేలా బిగిస్తే 47 ఆంపియర్లు మోస్తుంది. అదే కేబుల్ సీలింగ్ బోర్డును ఆనుకొని 100 మిల్లీమీటర్లకు మించని ఇన్సులేషన్ పరుపు కింద ఉంటే 34, అంతకన్నా మందమైన పరుపు కింద ఉంటే 27 మాత్రమే. 10 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌కు ఈ అంకెలు వరుసగా 64, 45, 36. ఇంటి వెచ్చదనాన్ని బయటకు పోనివ్వని పరుపు కేబుల్ వేడిని కూడా పోనివ్వదు. అందువల్ల మందమైన పరుపు కిందే ఉంచితే, కొత్తగా 10 వేసినా మీ షవర్‌కు చాలదు. ఆ మాటకొస్తే పాత షవర్‌కే మీ కేబుల్ చాలేది కాదు.

పది నిమిషాల వాదన నేను తరచుగా వింటుంటాను. ఇంటికి చుట్టాలు వచ్చిన ఉదయం నలుగురు వరుసగా స్నానాలు చేస్తే తీగకు చల్లారే వ్యవధి ఎక్కడిది? అలాంటి ఇంట్లో ఒకసారి తాడు లాగే షవర్ స్విచ్ మూత విప్పి చూశాను: ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడింది, మర వదులై రాగి కొస నల్లబడింది, పైతొడుగు వేలితో వంచగానే పెళుసుగా విరిగింది.

కాబట్టి 10 చదరపు మిల్లీమీటర్ల కొత్త కేబుల్‌ను పరుపు పైకి ఎత్తించి, దూలాలకు క్లిప్పులతో బిగించి, దాని మీద మళ్ళీ ఏమీ కప్పకుండా ఉంచండి. దారిలో అతి తక్కువ మోయగల చోటే మొత్తం కేబుల్‌కు హద్దు కనుక, అది గోడలోకి దిగే భాగంలో కూడా ఇన్సులేషన్ ఉందేమో చూపించండి. నలువైపులా కప్పి ఉంటే అక్కడ 10 కూడా 32 ఆంపియర్లకు పడిపోతుంది. వోల్టేజి తగ్గుదల గురించి దిగులు అక్కరలేదు, 20 మీటర్లకు 4 వోల్టులు దాటదు. ఈ లైను మీద వేరే ఏదీ తగిలించకుండా 45 ఆంపియర్ల బ్రేకర్, 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.డి. (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే పరికరం), ఫేజ్, న్యూట్రల్ రెండు తీగలనూ తెంచే స్విచ్ పెట్టించండి. పాత ఇళ్ళలో మెయిన్ ఫ్యూజ్ 60 ఆంపియర్లదే ఉండవచ్చు, అదీ చూపించుకోండి. ఇంగ్లండ్‌లో కొత్త సర్క్యూట్ వేయడం భవన నిబంధనల పార్ట్ పి కిందికి వస్తుంది కనుక, నమోదైన ఎలక్ట్రీషియన్‌తో చేయించి సర్టిఫికెట్ తీసుకోండి.

ప్రశ్న: ఖమ్మంలో కొత్త బాత్‌రూమ్ కడుతున్నాము. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్‌కు లైట్ల 1.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు నుంచే లైను ఇస్తామంటున్నారు. సరిపోతుందా?

జవాబు: సరిపోదు. గీజర్ ఒక్కటే 13 ఆంపియర్లు తీసుకుంటుంది. బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ రాగి వైరు, దానికి సొంత ఎం.సి.బి. (బ్రేకర్), 16 ఆంపియర్ల పాయింటు, 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. (పైన చెప్పిన ఆర్.సి.డి. లాంటిదే) వేయించండి. ఎర్త్ వైరు ప్లగ్గు వరకు నిజంగా వచ్చిందో లేదో విప్పించి చూడండి. టైల్స్ అతికించే లోపే పైపులో ఈ వైరు లాగించండి.