మూడో రోజు పెరిగే నొప్పి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి రెండు వార్తలూ ఒకే ఊపిరిలో చెప్పింది. బెంగళూరులో ఉద్యోగం వచ్చిందట, సోమవారం చేరాలట. మంగళవారం కింది జ్ఞానదంతం తీయించుకున్నావట, నిన్నటి నుంచి నొప్పి చెవిలోకి పాకుతోందట. అయినా ఆదివారం రాత్రి రైలు ఎక్కుతానని పట్టుబట్టి కూర్చున్నావట. మొదటి వార్త వినగానే వీధిలో అందరికీ చక్కెర పంచాలనిపించింది. రెండోది విన్నాక నీ చెవి మెలిపెట్టాలనిపించింది, నొప్పి లేని వైపుది.

పన్ను తీశాక నొప్పి ఉంటుంది, వాపు రెండు మూడు రోజులు పెరుగుతుంది. అందులో వింతేమీ లేదు. ఆ తర్వాత రోజుకింత తగ్గుతూ పోవాలి. తగ్గాల్సిన సమయంలో నొప్పి తిరగబెట్టి, చెవికీ కణతకూ ఎక్కి, నోట్లో దుర్వాసన వస్తుంటే మాత్రం అది ఓర్చుకోవలసిన నొప్పి కాదు. పన్ను ఊడిన గుంటలో నెత్తురు గడ్డకట్టి, లోపలి ఎముకకు మూతలా కాపు కాస్తుంది. ఆ గడ్డ ఊడిపోతే ఎముక బయటపడుతుంది. చల్లగాలి తగిలినా ప్రాణం లేచిపోతుంది. డ్రై సాకెట్ అంటారు దీన్ని. కింది జ్ఞానదంతాల దగ్గరే ఎక్కువగా వస్తుంది. నొప్పి మాత్రలు రెండేసి మింగుతున్నావట, ముందు ఆ పని మాను. కడుపులో మంట తప్ప ఒరిగేదేమీ లేదు. ఇవాళే పన్ను తీసిన డాక్టరు దగ్గరికి వెళ్లు. రేపు కాదు, ఇవాళే.

మీ పెదనాన్న సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. ఆయన చెప్పనివ్వరు. ఇప్పుడు కూడా నేను రాస్తుంటే పక్కన పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నారు. మీ అమ్మకు ఇంకా పెళ్లి కాని రోజుల్లో ఆయనకూ ఇదే పన్ను, ఇదే వైపు తీశారు. ముప్పావు గంట కొరికి పట్టుకోమని గాజుగుడ్డ పెడితే, బస్టాండు దాకా కూడా ఆగకుండా ఉమ్మేశారట. చీకటి పడగానే పెరట్లో నూతి పళ్లెం మీద కూర్చుని చుట్ట వెలిగించారు. పొగలో విషం ఒకటైతే, ఆ పీల్చడమొకటి. దాని లాగుడుకే గడ్డ కదిలిపోతుంది.

మూడో నాటి రాత్రి చెవిపోటు మొదలైంది. జబ్బు చెవిదేనని ఆయన తీర్మానం. వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోయించుకున్నారు. మా అత్తగారేమో పొగాకు నమిలి పన్ను తీసిన చోట పెట్టమన్నారు. ఆవిడ అడ్డపొగ మనిషి, చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగేవారు. మన శ్రీకాకుళం తీరం ఊళ్లలో ఆ తరం ఆడవాళ్లకు అది మామూలే. పొగాకు ఎందుకులే అనుకున్నారో ఏమో, ఈయన దూదిని లవంగ నూనెలో ముంచి గుంటలో కుక్కుకున్నారు. చిగురు తెల్లగా ఉడికిపోయింది. ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసి ఇంటికొచ్చిన నాతో ఒక్క ముక్క చెప్పలేదు. టీ గ్లాసు అందిస్తుంటే ఆయన నోటి వాసనకే అనుమానం వచ్చింది. టార్చి వేసి చూస్తే గుంటలో ఎర్రదనమే లేదు, అడుగున బూడిద రంగు ఎముక కనిపిస్తోంది. పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, అంత మొండి మనిషి అక్కడి కుర్చీలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నాకు కోపం అప్పుడే పోయింది, ఆయనకు మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

డాక్టరు ఉప్పునీటితో గుంట కడిగి, మందులో తడిపిన సన్నటి గుడ్డ పేలిక లోపల పెట్టారు. కాసేపటికే ఆయన ఆ కుర్చీలోనే కునుకు తీశారు. ఆ మందులోనూ ఉండేది లవంగపు సారమే. పాళ్లు తెలిసిన చెయ్యి పెట్టాలి, అంతే.

నువ్వు చుట్ట తాగవు, తెలుసు. కానీ పిచ్చిదానా, బుధవారం స్ట్రాతో కొబ్బరి బొండం తాగావట కదా! అదీ పీల్చడమే. ఇంకొకటి, నెలసరి సరిగా రావడానికి మాత్రలు వాడుతున్నావు. అవి గర్భనిరోధక మాత్రలే అయితే వాటి వల్ల కూడా ఈ బాధ వచ్చే అవకాశం పెరుగుతుంది. సిగ్గుపడకుండా డాక్టరుతో చెప్పు.

తిండి సంగతి మీ అమ్మకు చెప్పాను: చల్లారిన రాగి జావ, మెత్తటి పెరుగన్నం. పోపు వద్దు, ఆవగింజ గుంటలో దూరితే తీయడం కష్టం. తిన్నాక గోరువెచ్చని ఉప్పునీళ్లు నోట్లో అటూ ఇటూ మెల్లగా తిప్పి వదిలేయి, గట్టిగా పుక్కిలించి ఉమ్మొద్దు. పన్ను తీస్తే కంటిచూపు పోతుందని ఎవరైనా వస్తే లోపలికి రానివ్వకు.

నా అసలు భయం వేరు. నైట్ డ్యూటీలో ఒక కుర్రాడిని చూశాను. దవడ కింద రెండు వైపులా గట్టిగా వాచి, నాలుక పైకి లేచి, ఉమ్ము మింగలేక మంచం మీద ముందుకు వంగి కూర్చున్నాడు. పడుకోబెడితే ఊపిరి ఆడడం లేదు. పంటి చీము గొంతు దాకా దిగితే అలా అవుతుంది. బతికాడు, కానీ ఆ చూపు నన్ను వదల్లేదు. కాబట్టి జ్వరం వచ్చినా, వాపు దవడ దాటి మెడలోకి దిగినా డాక్టరుకు వెంటనే ఫోన్ చేయి. మింగడం కష్టమైతే, గొంతు మారితే, ఊపిరి బరువైతే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లడమే. పెదవి, గడ్డం ఇంకా తిమ్మిరిగా ఉన్నా చెప్పు. నరం నలిగితే అలా ఉంటుంది. చాలామందికి వారాల్లోనో నెలల్లోనో స్పర్శ తిరిగి వస్తుంది, కానీ డాక్టరు రాసి పెట్టుకోవాలి.

ఆదివారం టికెట్ రద్దు చేయి. మందు గుడ్డ రెండు రోజులకోసారి మార్చాలంటారు, వారం పది రోజులు పట్టవచ్చు. బెంగళూరులో కొత్త డాక్టరును వెతుక్కుంటావా, కొత్త ఉద్యోగం చూసుకుంటావా? డాక్టరు చీటీ జత చేసి ఆఫీసుకు మెయిల్ పెట్టు. అన్ని వడపోతలు దాటి నిన్ను ఎంచుకున్నవాళ్లు వారం ఆగలేరా? మన ఇంట్లో ఇంత దూరం ఉద్యోగానికి వెళ్తున్న మొదటి ఆడపిల్లవి. వాచిన దవడతో, వాళ్లు అడిగినదానికల్లా తల ఊపుతూ మొదలుపెట్టడం నాకిష్టం లేదు.

నోరు బిగుసుకుపోయిందని కూడా మీ అమ్మ అంది. ఇప్పుడు బయట వేడి కాపడం పెట్టుకోవచ్చు. డాక్టరు సరే అంటే రోజూ కొంచెం కొంచెంగా తెరవడం అలవాటు చేయి. పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య నీ వేళ్లు మూడు నిలువుగా పట్టాలి. ఎన్ని పట్టాయో రాత్రి నా ఫోనుకు పంపు. అంకె ఒక్కటి చాలు, మాట్లాడి దవడ నొప్పి పెట్టుకోకు.

మీ పెద్దమ్మ