కొమ్మ చివరిదాకా

తమ్ముడూ,

నీ కథ చదివా. బాగుంది, కానీ మూడో పేరా దగ్గర ఆగిపోయా. "ఆమె నా కోసం ఒక అవయవం మీదికి వెళ్లింది" అని రాశావు చూడూ, ముందు నవ్వొచ్చింది, తర్వాత నాకు నేనే గుర్తొచ్చా, ఎందుకంటే రాయడం మొదలుపెట్టిన కొత్తల్లో నేనూ ఇదే ఇంగ్లీష్ మాటని, అదే "గో అవుట్ ఆన్ ఎ లిమ్"ని, "ఒంటికాలి మీద నిలబడ్డాడు" అని తెలుగు చేశా, అది అచ్చయింది కూడా, ఒక్కళ్లూ పట్టుకోలేదు. ఆ కాపీ ఇప్పటికీ దాచుకున్నా గానీ ఎవరికీ చూపించను.

"గో అవుట్ ఆన్ ఎ లిమ్" అన్నప్పుడు లిమ్ అంటే కాలూ చెయ్యీ కాదు, చెట్టు కొమ్మ. ఇంగ్లీష్‌లో రెండిటికీ అదే మాట. స్పెల్లింగ్ చివర్లో ఉండే 'బి' అయితే మరీ విచిత్రం, పాత ఇంగ్లీష్‌లో లేనే లేదు, తర్వాత వచ్చి చేరింది, పలకడానికి మాత్రం ఇప్పటికీ పలకరు.

సరే, చెట్టెక్కావనుకో. కొమ్మ మొదట్లో కాలు పెడితే అది కదలను కూడా కదలదు. రెండడుగులు వేస్తే ఆకులు ఊగుతాయి. ఇంకొంచెం జరిగితే కొమ్మ కిందికి వంగుతుంది, వెనకాల మొదట్లో ఎక్కడో కిర్రుమంటుంది, ఎందుకంటే నువ్వు మాను నుంచి దూరం జరిగేకొద్దీ నీ బరువు ఆ మొదలునే ఎక్కువగా విరుస్తూ ఉంటుంది. పట్టుకుందామంటే పక్కన ఇంకో కొమ్మ ఉండదు. కాయలేమో ఎండ బాగా తగిలే చివర్లలోనే ఉంటాయి, అదీ బాధ.

డిక్షనరీలో రిస్క్ తీసుకోవడం అని ఉంటుంది, తప్పని అనను గానీ చప్పగా ఉంటుంది. పేకాటలో డబ్బు పెట్టడం కూడా రిస్కే కదా, దానికి ఈ మాట అంతగా నప్పదు. ఇక్కడ ఉండాల్సింది ఒంటరితనం. అందరూ నలుగురితో నారాయణా అంటుంటే నువ్వొక్కడివే వేరే మాట అని నిలబడటం, లేదా ఒకరి కోసం నీ మెడ మీదికి తెచ్చుకోవడం. అదే నిన్ను ఎవరో అక్కడ వదిలేసి పోయారనుకో, "లెఫ్ట్ అవుట్ ఆన్ ఎ లిమ్" అంటారు, అది మన నట్టేట్లో వదిలెయ్యడమే. తనంతట తాను వెళ్లాడా, వదిలేస్తే ఉండిపోయాడా, ఇది చూసుకోకుండా తెలుగు చేస్తే కథ తలకిందులైపోతుంది.

ఇంకోటి, కొందరు వెటకారానికి కూడా వాడతారు, వానలో తడిస్తే జలుబు చేస్తుందేమో అని ఏదో పెద్ద సాహసం చేసినట్టు చెప్పడానికి. అలాంటి చోట "తెగించి చెప్తున్నా" అంటే చాలు, నవ్వు అదే వస్తుంది. మనకి కూర్చున్న కొమ్మ నరుక్కోవడం అని ఉంది కదా, దాన్ని మాత్రం ఇక్కడికి తేకు, అది తెలివితక్కువతనం, ఇది తెలిసి చేసేది.

ఇప్పుడు నీ కథకొద్దాం. ఆ అవయవం లైన్ కింద నువ్వే ఏం రాశావో మళ్లీ చూసుకో. ష్యూరిటీ కాగితం ముందు పెడితే ఆమె పెన్ను క్యాప్ తీసి, మళ్లీ పెట్టేసి, కిటికీ వైపు ఒకసారి చూసి, మళ్లీ తీసి సంతకం పెడుతుంది, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కొమ్మ కిర్రుమన్నది నాకు అక్కడే వినపడింది! అది ఉండగా పైన ఆ ఇడియం దేనికసలు? కొట్టెయ్. డైలాగ్‌లో ఎవరైనా అనాల్సి వస్తే "నీ కోసం పీకల మీదికి తెచ్చుకుంది రా" అనిపించు, సరిపోతుంది.

రెండో పేజీలో వాన కొంచెం ఎక్కువైంది, అది కూడా చూడు. మార్చి పంపితే ఆదివారం కూర్చుని చదువుతా.

ఉంటా మరి,
అక్క