పై ఫ్లాట్ వాల్వ్ జోలికి వెళ్లకండి

ప్రశ్న: నిజాంపేటలో మాది మూడో అంతస్తు ఫ్లాట్. స్వాధీనం ఇచ్చి నాలుగేళ్ల ఎనిమిది నెలలైంది. బెడ్‌రూంలో సొంత ఖర్చుతో ఉడెన్ ఫ్లోరింగ్ వేయించుకున్నాను. ఏడు నెలలుగా బాత్రూం వైపు చెక్కలు ఉబ్బి లేస్తున్నాయి. పై ఫ్లాట్ ఆయన్ని అడిగితే మొహం మీదే తలుపేశాడు. మా అమ్మ ఆ చెక్క తట్టుకుని పడబోయింది. టెర్రస్ మీద ఆయన వాల్వ్ కట్టేస్తే దారికొస్తాడంటున్నారు. వచ్చే ఆదివారం ఫ్లోరింగ్ మొత్తం పీకించేస్తున్నాను. ఆయన మీద కేసు వేయవచ్చా?

సమాధానం: మీ ఉత్తరం నిండా పై ఫ్లాట్ ఆయన పొగరే ఉంది. కోర్టుకు దాంతో పని లేదు. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో అదొక్కటే అడుగుతుంది. దానికి మీ దగ్గర జవాబు లేదు.

మీరు పంపిన ఫొటోలు మీరే మళ్లీ చూడండి. సీలింగ్ మీద ఒక్క మరక లేదు. పలకల అంచులు లేచి మధ్యలో పల్లంగా ఉంది. చెమ్మ కింది నుంచి పట్టినప్పుడు చెక్క సాధారణంగా అలాగే వంగుతుంది. బాత్రూం గోడ పక్క స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) నల్లబడింది. నేను ఇంజనీరును కాను. కానీ పై ఫ్లాట్ ఆయన లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో మిమ్మల్ని మొదట అడిగేది దీని గురించే. అనుమానం ముందు మీ సొంత బాత్రూం మీదికే పోతుంది. గోడలోని పైపు జాయింటో, సంకెన్ స్లాబ్ (బాత్రూం కింద పల్లంగా వేసే స్లాబ్) వాటర్‌ప్రూఫింగో పోయి ఉండాలి.

అదే నిజమైతే మీరు పట్టుకోవాల్సింది బిల్డర్‌ని. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం, 2016 సెక్షన్ 14(3) ప్రకారం స్వాధీనం ఇచ్చిన ఐదేళ్లలోపు పనితనం లోపాన్ని అతని దృష్టికి తెస్తే, 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. చేయకపోతే పరిహారం అడగవచ్చు. మీకు మిగిలింది నాలుగు నెలలు. ఏడు నెలలు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పోట్లాడారు గానీ బిల్డర్‌కు ఒక్క ఉత్తరం రాయలేదు! ఇది మీ అశ్రద్ధే. పై ఫ్లాట్ ఆయన మీద నష్టపరిహారం దావాకు సాధారణంగా మూడేళ్ల గడువుంటుంది, కాబట్టి ఆ తొందర లేదు.

వాల్వ్ సంగతి. అది కడితే ఫిర్యాదుదారు స్థానంలో ఆయనుంటాడు, ముద్దాయి స్థానంలో మీరుంటారు. మనుషులు తాగే, వాడుకునే నీటి సరఫరాను నష్టం చేసే ఉద్దేశంతో తగ్గిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 326 కింద ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. సలహా ఇచ్చినవాళ్లెవరూ స్టేషన్‌కు మీ వెంట రారు.

ఆదివారం పని కూడా ఆపించండి. పలకలు చెత్తబండి ఎక్కితే మీ కేసూ దాంతోపాటే పోతుంది. ముందు లైసెన్సున్న సివిల్ ఇంజనీరును పిలిచి, మీ బాత్రూంలో 24 గంటలు నీళ్లు నిలబెట్టి, పైపులకు ప్రెషర్ టెస్టు చేయించి, సంతకంతో రిపోర్టు తీసుకోండి. రెండు మూడు పలకలు వీడియో తీస్తూ ఆ ఇంజనీరు ముందే ఊడదీసి, ఒకటి కవర్లో సీల్ చేసి దాచండి. తర్వాత లీకేజీ ఆపించండి. తెలిసీ నీళ్లు కారనిచ్చారన్న మాట మీ మీదికి రాకూడదు. ఫొటోలు తీసిన ఆ పాత ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇవ్వకండి. డిజిటల్ ఫొటోలను కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే ఇవ్వాల్సిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో ఆ పరికరం వివరాలే రాయాలి.

రిపోర్టు చేతికి రాకముందే, ఈ వారంలోనే, బిల్డర్‌కు స్పీడ్ పోస్టులో, ఈమెయిల్‌లో లోపం వివరిస్తూ నోటీసు పంపండి. స్వాధీన పత్రం కాపీ జతచేయండి. 30 రోజులు దాటితే, ప్రాజెక్టు రెరాలో రిజిస్టరై ఉంటే, రిపేరుకు తెలంగాణ రెరా అథారిటీకి, చెక్క పోయిన నష్టానికి అడ్జుడికేటింగ్ ఆఫీసర్‌కు (రెరాలో పరిహారం తేల్చే అధికారి) వేర్వేరుగా ఫిర్యాదు చేయాలి. చెక్క తాను వేయలేదని బిల్డర్ అంటాడు. అందుకే ఫ్లోరింగ్ బిల్లు, చెల్లించిన బ్యాంకు స్టేట్‌మెంటు వెతికి పెట్టుకోండి. చెక్క కింద చెమ్మ ఆపే ప్లాస్టిక్ షీటు పరిచారో లేదో పలకలు ఊడదీసినప్పుడే ఇంజనీరుతో రాయించండి. లేకపోతే బిల్డర్ తప్పంతా మీ ఇంటీరియర్ కాంట్రాక్టర్ మీదికి నెట్టేస్తాడు.

మీ బాత్రూం బాగానే ఉందని, నీళ్లు పై నుంచే దిగుతున్నాయని రిపోర్టులో తేలితే మళ్లీ రాయండి. అప్పుడు ఆయన సంగతి చూద్దాం.