ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉంటే చేనులో పడ్డ అడవి పందిని కాల్చవచ్చా?

మొక్కజొన్న చేనును అడవి పందులు రాత్రికి రాత్రే తొక్కేస్తున్నాయి, నాన్నగారి పేరిట లైసెన్సు ఉన్న పన్నెండు బోరు తుపాకీ ఇంట్లోనే ఉంది, దానితో ఒకటి రెండింటిని కాలిస్తే తప్పా అని అడిగారు. తప్పే. పైగా ఒకటి కాదు, రెండు తప్పులు. లైసెన్సు మీ నాన్నగారిది కాబట్టి ఆ తుపాకీ మీరు పట్టుకుని చేనుకు వెళ్లడం మొదటిది. పందిని కాల్చడం రెండోది. ఈ రెండోది మీ నాన్నగారు చేసినా నేరమే.

తుపాకీ లైసెన్సు ఆయుధాన్ని దగ్గర ఉంచుకోవడానికి ఇచ్చిన కాగితం. పంది మీద హక్కు దానిలో లేదు. పంది సంగతి అటవీ శాఖది, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానిది. ఒక ఆఫీసు ఇచ్చిన కాగితం రెండో ఆఫీసులో చెల్లదు. ఈ చిన్న ముక్క తలకెక్కడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మా పొలం నల్లమల అంచున ఉంది. నాలుగెకరాల్లో సగం మొక్కజొన్న, సగం వేరుశనగ. మా నాన్నకు 74 ఏళ్లు వచ్చి చేతులు వణకడం మొదలయ్యాక తుపాకీని నా పేరిట మార్పించుకుందామని బయలుదేరాను. 2016 నాటి ఆయుధ నియమాల్లో దానికి దారి ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, బతికి ఉండగానే వారసుడి పేరిట లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. దరఖాస్తు ఇచ్చేది జిల్లాల్లో కలెక్టరుకు, కమిషనరేట్ ఉన్నచోట పోలీసు కమిషనరుకు. స్టేషన్ నుంచి విచారణ నివేదిక వెళ్లాలి. తుపాకీని భద్రంగా వాడే శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ పెట్టాలి. ఇవన్నీ పూర్తి చేసి, ఇక ఒక నెలలో వచ్చేస్తుందని ఊళ్లో చెప్పుకున్నాను కూడా.

ఫైలు కదలలేదు. ఎవరూ చేయి చాచలేదు, కసురుకోలేదు. రేపు రండి అంటారు, అంతే. నాలుగో నెలలో ఒక గుమాస్తా జాలిపడి అసలు సంగతి చెప్పాడు. అభయారణ్యం నుంచి పది కిలోమీటర్ల లోపు కొత్తగా ఆయుధ లైసెన్సు ఇవ్వాలంటే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ముందస్తు సమ్మతి ఉండాలి. వన్యప్రాణి చట్టంలోనే 34వ సెక్షన్‌లో ఉంది. మా ఊరు హద్దుకు ఆరు కిలోమీటర్లే. నాన్న తుపాకీనే అయినా, నా పేరిట లైసెన్సు వాళ్ల లెక్కలో కొత్తదే. మీ ఊరికి ఎంత దూరంలో అభయారణ్యం ఉందో ముందే కనుక్కోండి. లోపు అయితే ఆ సమ్మతి కోసం మొదటి రోజే అడగండి. అప్పటికే లైసెన్సు ఉన్నవాళ్లు కూడా ఆ పది కిలోమీటర్ల పరిధిలో ఉంటే తమ పేరు అటవీ శాఖ దగ్గర నమోదు చేయించుకోవాలి. మా నాన్న అది చేయించుకోలేదని తేలింది. అవి వేరే తిప్పలు.

చివరికి ఆ సమ్మతి కూడా దొరికి లైసెన్సు వచ్చిన ఆనందంలో మరుసటి రాత్రే చేనుకు వెళ్లబోయాను. దారిలో అటవీ శాఖ బీట్ అధికారి ఎదురుపడి, భుజాన ఉన్నది చూసి, ‘అనుమతి పత్రం ఏదీ?’ అన్నాడు. కొత్త లైసెన్సు పుస్తకం తీసి చూపించాను. నవ్వి ఇంటికి పంపేశాడు. కేసు పెట్టగల మనిషే, పెట్టలేదు.

అతను అడిగిన ఆ రెండో కాగితం, అంటే వేట అనుమతి, వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద వస్తుంది. రెండో షెడ్యూలులో, అంటే ఆ చట్టంలోని రక్షిత జంతువుల రెండో జాబితాలో, ఉన్న జంతువు మనుషుల ప్రాణానికో ఆస్తికో, అంటే చేలోని పంటకు కూడా, ప్రమాదంగా మారిందని ముఖ్య సంరక్షణాధికారి గానీ ఆయన అధికారం ఇచ్చిన వారు గానీ నమ్మితే, కారణాలు రాసి, ఫలానా ప్రాంతంలో వేటాడవచ్చని లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వవచ్చు. అడవి పంది 2022 సవరణ తర్వాత ఆ రెండో షెడ్యూలులోనే ఉంది. అధికారం ఎవరికి అప్పగించారన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కేరళలో 2022లో పంచాయతీ అధ్యక్షులకే ఇచ్చారు. మీ అటవీ రేంజి ఆఫీసులో అడిగితే మీ దగ్గర ఎవరో చెబుతారు. నేను పాసుపుస్తకం నకలు, ఫోటోలు జతచేసి అర్జీ పెట్టాను. ఫోటోలు పొద్దున్నే తీయండి. మంచు ఆరకముందు గిట్టల గుర్తులు స్పష్టంగా పడతాయి. మోకాలి ఎత్తులో విరిగిన కాండాలు, సగం నమిలి వదిలిన కంకులు, మోరతో దున్నినట్టు తవ్విన వేరుశనగ సాళ్లు ఒక్కో ఫోటోలో ఒక్కోటి కనిపించాలి.

నా ఉత్తర్వులో సర్వే నంబర్లు, గడువు, ఎవరు కాల్చాలో రాసి ఉన్నాయి. పిల్లలున్న ఆడపందిని కాల్చకూడదన్న షరతూ ఉంది. మంచె మీద మొదటి రాత్రి దోమలు తప్ప ఏమీ రాలేదు. రెండో రాత్రి గుంపు వచ్చింది. టార్చి వేస్తే పెద్ద ఆడపంది పొట్ట కింద చారల పిల్లలు నాలుగు. వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసేశాను. అవి తాపీగా మూడు సాళ్లు తవ్వుకుని వెళ్లాయి. మూడో రాత్రి ఒంటరి మగపంది వచ్చింది, ఇరవై అడుగుల దూరం, ఒక్క తూటా.

అసలు పని తెల్లారాక మొదలైంది. చచ్చిన పంది ప్రభుత్వ ఆస్తి. నేను రాత్రే అటవీ శాఖకు ఫోను చేశాను, వాళ్లు ఏడింటికి వచ్చి కొలతలు, ఫోటోలు, పంచనామా, వాడిన తూటా లెక్క అన్నీ పూర్తి చేశారు. ఈలోగా పక్క పొలాల వాళ్లు కత్తులతో సహా వచ్చి ‘ఒక్క తొడ ఇస్తే ఏం పోయింది’ అని బతిమాలారు. ఇస్తే నేను పోయేవాణ్ణి. గొయ్యి తీసి, కిరసనాయిలు పోసి పూడ్చాం. చట్టం ప్రకారం పంది సర్కారుది, అది తిన్న మొక్కజొన్న మాత్రం మనది.

అనుమతి లేకుండా కాలిస్తే మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. తుపాకీ కూడా పోతుంది. అభయారణ్యం లోపలైతే మూడేళ్లకు తగ్గదు. ప్రాణ రక్షణ కోసం మంచి ఉద్దేశంతో చంపితే నేరం కాదు, నిజమే. కానీ అది ప్రాణానికి, పంటకు కాదు.

‘పందిని హానికర జంతువుగా ప్రకటించారు కదా’ అని మీ ఊళ్లో ఎవరో అన్నారని రాశారు. అలా ప్రకటించేది కేంద్రం, 62వ సెక్షన్ కింద, ఫలానా జిల్లాలకు, ఫలానా గడువుకు మాత్రమే. 2015, 2016ల్లో బిహార్‌లో, ఉత్తరాఖండ్‌లో కొన్ని జిల్లాలకు ఇచ్చారు. ఎక్కడో ఎప్పుడో వచ్చిన నోటిఫికేషన్ మీ చేనుకు వర్తించదు.

ఉచ్చులు, విషం పెట్టినా వేట కిందే లెక్క. కరెంటు తీగ జోలికి మాత్రం అసలు వెళ్లవద్దు. పందికి పెట్టిన తీగకు నీళ్లు కట్టడానికి వెళ్లిన మనిషి బలైన వార్త ఏటా చదువుతూనే ఉన్నాం. లైసెన్సు అక్కర్లేని చిన్న ఎయిర్‌గన్నుతో పంది చావదు, గాయపడి మనిషి మీదికి వస్తుంది. దానితో నెమలిని కొట్టారో, అది మొదటి షెడ్యూలు పక్షి, శిక్ష ఇంకా పెద్దది.

ఇంకొకటి. 2024 ఎన్నికలకు మార్చిలో తుపాకీ స్టేషన్‌లో అప్పగించి, జూన్‌లో తెచ్చుకున్నాను. వేరుశనగ కాయ గట్టిపడే రోజులన్నీ ఆ మధ్యే గడిచాయి. అందుకే ఆ ఏడాది గట్టు చుట్టూ ఆముదం నాలుగు సాళ్లు దట్టంగా వేశాను, సౌర కంచె పెట్టాను. తుపాకీ చేసినదానికంటే అవే ఎక్కువ చేశాయి. మీ మొక్కజొన్న కంకి పాలు పోసుకునే దశలో ఉంటే 11వ సెక్షన్ అర్జీ మీ నాన్నగారి పేరుతో రేపే పెట్టించండి. తుపాకీ మీ పేరిట మార్చుకోవడం వచ్చే పంటకు చూసుకోవచ్చు.