హబ్ గేర్ల సైకిల్‌కి 800 పౌండ్లు పెట్టవచ్చా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. జీతం ఏడాదికి 38,000 పౌండ్లు. ఆఫీసు 6 కిలోమీటర్లు, ఇకపై రోజూ సైకిల్ మీదే వెళ్లాలని ఉంది. మామూలు గేర్ల సైకిల్ 450 పౌండ్లు, వెనక చక్రం హబ్‌లోనే (చక్రం మధ్య ఉండే డబ్బాలో) 8 గేర్లూ ఉండే సైకిల్ 800 పౌండ్లు చెబుతున్నారు. కంపెనీలో సైకిల్ టు వర్క్ స్కీమ్ ఉంది. రిపేర్లు నాకు రావు. ఏది తీసుకోమంటారు?

జవాబు: 800 పౌండ్లదే తీసుకోండి. రిపేర్లు చేతనైనవారైతే 450 దగ్గరే ఆగమనేవాణ్ని.

ఈ స్కీమ్‌లో కంపెనీయే సైకిల్ కొని మీకు అద్దెకిస్తుంది, ఆ అద్దెను మీ జీతం నుంచి పన్నుకు ముందే కోస్తారు. మీ జీతానికి 20 శాతం ఆదాయపు పన్ను, 8 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలోంచి ప్రభుత్వానికి కట్టే సామాజిక భద్రత చందా), మొత్తం 28 శాతం ఆదా అవుతుంది. అంటే 800 పౌండ్ల సైకిల్‌కి చేతి నుంచి పోయేది 576. పన్నెండు నెలలు, నెలకు 48 పౌండ్లు.

ఏడాది తిరిగాక సైకిల్ మీ సొంతం కావాలంటే ఇంకొంత కట్టాలి, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. 500 పౌండ్లు, ఆపైన ధర ఉన్న సైకిల్‌కి ఏడాది చివర పన్ను శాఖ లెక్కగట్టే విలువ ధరలో 25 శాతం, అంటే 200 పౌండ్లు. అదే వాడకం ఒప్పందాన్ని ఇంకో మూడేళ్లు పొడిగించుకుంటే 7 శాతం, 56 పౌండ్లతో సరిపోతుంది. పొడిగింపే అడగండి. మొత్తం 632 అవుతుంది. 450 సైకిల్‌ని కూడా ఇలాగే తీసుకుంటే (500 లోపు ధరకి ఆ శాతం ఇంకా తక్కువ) 338 దాకా పడుతుంది. తేడా 294 పౌండ్లు. ఐదేళ్లకు పంచితే నెలకు 5 పౌండ్ల లోపే.

ఆ 5 పౌండ్లకు మీకు వచ్చేదేమిటి? శీతాకాలంలో అక్కడి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీళ్లు, ఇసుక బయటికి కనిపించే చైను, గేరు పళ్లను తినేస్తాయి. షాపులో ఒక్కసారి చైను, క్యాసెట్ (వెనక గేరు పళ్ల సెట్) మార్పిస్తే కూలితో కలిపి 60 పౌండ్లు సులువుగా దాటుతుంది. హబ్‌లో గేర్లు మూసిన డబ్బాలో తిరుగుతాయి. చైను అటూ ఇటూ జరగదు కాబట్టి మన ఊళ్లలో పాత సైకిళ్లకు ఉన్నట్టు నిండు చైన్ కవర్ పెట్టించుకోవచ్చు. అది తప్పకుండా పెట్టించండి. అది లేకపోతే పెట్టిన డబ్బుకు సగం ప్రయోజనం పోయినట్టే.

ఇక సెట్టింగ్. షిమానో నెక్సస్ 8 హబ్ అయితే 4వ గేరులో పెట్టి, హబ్ పక్కన చిన్న కిటికీలో రెండు పసుపు గీతలు ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడండి. తప్పితే హ్యాండిల్ దగ్గరి కేబుల్ అడ్జస్టర్‌ని కొద్దిగా తిప్పితే చాలు. కొత్త కేబుల్ మొదట్లో కాస్త సాగుతుంది, అందుకే మొదటి నెలలో వారానికోసారి చూడండి. గీతలు తప్పినా అలాగే తొక్కితే గేరు జారుతుంది, లోపలి పళ్లు అరుగుతాయి. ఆ రిపేరు మాత్రం ఖరీదే. గేరు మార్చేటప్పుడు పెడల్ మీద బలం తీసేయండి. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు కూడా మార్చుకోవచ్చు, రోజూ ఆఫీసుకెళ్లేవాళ్లకు ఇది పెద్ద సుఖం. రెండేళ్లకోసారి లోపలి ఆయిల్ సర్వీసుకి కొంత పక్కన పెట్టుకోండి.

ఒక్క ఇబ్బంది ఉంది. వెనక చక్రం ఊడదీయడం కష్టం, నట్లు, కేబుల్ అన్నీ విప్పాలి. ష్వాల్బే మారథాన్ లాంటి పంక్చర్ తట్టుకునే టైర్లు మొదటే వేయించండి. గట్టి తాళం, లైట్లు, మడ్‌గార్డులు కూడా స్కీమ్‌లోనే కలపమని అడగండి, వాటికీ అదే పన్ను ఆదా. ఇంటి ఇన్సూరెన్స్‌లో బయట పెట్టిన సైకిల్‌కి ఎంత వరకు కవర్ ఉందో చూసుకోండి.

సంతకం చేసే ముందు హెచ్‌ఆర్‌ని రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి. మధ్యలో ఉద్యోగం మారితే మిగిలిన అద్దెను చివరి జీతంలో పన్ను పోయాక కోస్తారు, అది ఎంతవుతుంది? మీరు వర్క్ వీసా మీద ఉండి, జీతం కనీస పరిమితికి దగ్గరగా ఉంటే ఈ కోత వల్ల వీసాకి చిక్కేమైనా ఉందా? రెండో దానికి స్పష్టమైన జవాబు రాకపోతే స్కీమ్ వద్దు, పొదుపులోంచి నేరుగా కొనుక్కోండి.